గోదావరి ముఖమున సమాధి ఫలకములు, ఓడపట్టికలు

శాసనపరిశోధన యనగానే మనకు దేవాలయస్తంభములు, తామ్రపత్రములు జ్ఞప్తికి వచ్చును. అది సహజమే. ద్రాక్షారామ భీమేశ్వరాలయమునందు వందలకొలది శాసనములుండగా పరిశోధకుని చూపు వేఱొకచోటికి పోవుట కష్టము. కాని ఆ ద్రాక్షారామముననే పదునేడవ శతాబ్దమున హాలండు దేశపు వర్తకుల కోఠీ యొకటి యుండెను. వారి పత్రములలో ఆ యూరి పేరు ‘దాట్సెరం’ అని కనబడును. పాలకొల్లు వారికి ‘పాలికొల్’. మన పూర్వులు వారిని వలందులనిరి. బందరులో వలందపాలెమను పేట నేటికిని ఆ పేరును నిలుపుకొన్నది. ఈ వలందులును, వారివెంట ఆంగ్లేయులును, పరాసులును ఈ గడ్డపై చనిపోయినప్పుడు వేయించిన ఱాళ్లు కూడ శాసనములే. అవి మన భాషలో లేవన్న కారణమున మన శాసన సంపుటములలో వానికి చోటు దొరకలేదు.

ఈ వ్యాసమున ప్రస్తావింపదలచినది రెండు ప్రయాణములను గుఱించి. మొదటిది, సముద్రముమీదుగా ఈ డెల్టాకు వచ్చి యిచటి మట్టిలో గలిసిపోయిన విదేశీయులది. రెండవది, ఈ డెల్టానుండి ఓడలెక్కి పోయి మరల రాని తెలుగువారిది. వచ్చినవారి సంతతియు, పోయినవారి సంతతియు నేడు తమ పూర్వుల జాడకొఱకు వెదకుచున్నారు. మొదటివారికి ఆ వెదకులాటలో సాయపడుటకు స్వచ్ఛంద సేవకుల సంఘములు ఏర్పడి దశాబ్దములు గడచినవి. రెండవవారికి సాయపడవలసిన పనిలో చాల భాగము తెలుగు చదువుకొన్నవారు చేయవలసినదే. కాని మన శాఖలలో ఆ పని ఇంకను పరిశోధనగా లెక్కకు వచ్చినట్లు లేదు.

వచ్చినవారిని ముందు చూతము. వారిని రప్పించినది వస్త్రము. నరసాపురమును ఆనుకొనియున్న మాధవాయపాలెము పేరు ‘మడపొల్లం’గా మాఱి ఐరోపా భాషలలో నొక విధమగు నూలుబట్టకు నామమైనది. ఆంగ్లేయులు 1708లో ఇంజరమున కోఠీ పెట్టి సన్నని బట్టలను ఎగుమతి చేసిరి. బెండమూర్లంకలో వారికి మఱియొక స్థానముండెను. పరాసులు యానాములో స్థిరపడిరి. వలందులు పాలకొల్లు, ద్రాక్షారామములనుండి క్రమముగా జగన్నాథపురమునకు, అనగా నేటి కాకినాడలోని భాగమునకు, చేరిరి. వస్త్రము తరువాత చెప్పదగినది కలప. గోదావరి తెప్పలమీద దిగివచ్చు టేకు నరసాపురమును నౌకానిర్మాణ స్థలముగా జేసినది. కోరంగిలో పందొమ్మిదవ శతాబ్దారంభమున ఎబెనీజరు రోబకు అను ఆంగ్లేయుడు ఓడలను మరమ్మతు చేయుటకు గొప్ప వ్యయముతో నీటిని వెడలించు గోదిని కట్టించెను.

ఇట్లు వచ్చినవారిలో బ్రదికి తిరిగి పోయినవారు తక్కువ. క్రొత్తగా వచ్చిన ఐరోపీయుని ఆయువు రెండు వానకాలములు మాత్రమే యను నానుడి వారిలోనే యుండెను. జ్వరము, విషూచి వారి ప్రధాన శత్రువులు. వీనిపైని ఉప్పెనలు. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని ముంచివేసినవి. రెండవదాని తరువాత ఆ రేవు తేరుకొనలేదు. అట్టి విపత్తులలో చచ్చిన వేలమందికి, తెల్లవారికిగాని నల్లవారికిగాని, ఎవరు ఫలకములు వేయింతురు? సమాధి ఫలకమనునది నిదానముగా చచ్చినవారికి, వెనుక డబ్బుగల బంధువులు మిగిలినవారికి మాత్రమే లభించు గౌరవమని మొదటనే గుర్తించుట మంచిది.

డెల్టా అంతయు నది తెచ్చిపోసిన ఒండ్రు. అందు ఱాయి పుట్టదు. ఆనకట్టకు సైతము ధవళేశ్వరపు కొండను తవ్వవలసి వచ్చినది. కోరమాండలు తీరమున దక్షిణభాగమునందు చెక్కిన నల్లని ఱాళ్లను వలందులు తమ ఓడలలో దూరదేశములకును పంపుచుండిరి. బటావియా, మలక్కా మొదలైన చోట్ల అట్టి ‘కోరమాండలు ఱాళ్లు’ నేటికిని గలవు. వలంద సమాధి ఫలకములకు ఒక రచనాక్రమము గలదు. పైభాగమున కుటుంబచిహ్నము, దానిక్రింద ‘ఇచట పాతిపెట్టబడెను’ అను అర్థము గల ప్రారంభము, పిమ్మట పేరు, పుట్టిన యూరు, కంపెనీలో పొందిన పదవి, మరణ దినము, కొన్నింట జీవించిన సంవత్సరములు, మాసములు, దినములు గూడ. మన దానశాసనములను చదివినవారికి ఈ క్రమము వింతగా తోచదు. శకసంవత్సరమునకు బదులు క్రీస్తుసంవత్సరము, బిరుదావళికి బదులు ఉద్యోగనామము, రాజముద్రకు బదులు వంశముద్ర. ‘మంగళ మహాశ్రీ’ స్థానమున కొన్నిటిపై కపాలమును, ఇసుక గడియారమును చెక్కుదురు. అంతియే భేదము.

ఈ ఫలకములను లెక్కకెత్తిన మొదటి ప్రయత్నములు ప్రభుత్వమువే. పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండరు రీ 1897లో చెన్నరాజధానిలోని వలంద కంపెనీ అవశేషములను గుఱించి చిత్రములతో నొక సంపుటమును వెలువరించెను. 1905లో సివిలు ఉద్యోగియగు జూలియను జేమ్సు కాటను ఆ రాజధానిలోని సమాధి శాసనముల పట్టికను ప్రకటించెను. (ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటనుతో నితనిని కలపరాదు.) ఈ రెండు గ్రంథములును నేటికిని ఆధారగ్రంథములే. కాని రెండవదాని పేరులోనే దాని పరిమితి గలదు. ‘చారిత్రక ప్రాధాన్యముగాని, పురావస్తు ప్రాధాన్యముగాని గల’ సమాధులకే ఆ పట్టిక యుద్దేశింపబడినది. ప్రాధాన్యమును నిర్ణయించినవాడు ఉద్యోగి. సహజముగా సేనానులు, కలెక్టరులు, పెద్ద వర్తకులు ముందునకు వచ్చిరి. మూడు నెలల శిశువు, సార్జంటు భార్య, మిశ్రజాతి గుమాస్తా వెనుకబడిరి. వంశచరిత్రను వెదకువానికి కావలసినది తఱచుగా ఈ వెనుకబడినవారే.

ఈ లోపమును పూరించినది స్వచ్ఛంద సేవకులు. 1976లో థియోను విల్కిన్సను అను ఆంగ్లేయుడు దక్షిణాసియాలోని ఐరోపీయ శ్మశానముల రక్షణకొఱకు లండనులో నొక సంఘమును స్థాపించెను. ఇతని గ్రంథమునకు పైని జెప్పిన రెండు వానకాలముల నానుడియే పేరైనది. ఈ సంఘమువారి పద్ధతి ఉద్యోగుల పద్ధతికి భిన్నము. ఒక శ్మశానమును చేపట్టినచో గొప్పవారిని ఏఱుకొనక, అందు చదువ వీలగు ప్రతి ఱాతిని చదివి వ్రాసికొందురు. సెలవులకు వచ్చిన ఉపాధ్యాయులు, విశ్రాంతోద్యోగులు, తాతగోరీని వెదకుచు వచ్చిన మనుమలు సేకరించినవి బ్రిటిషు లైబ్రరీలో నిలువయున్నవి. 1998లో ఏర్పడిన ‘బ్రిటిషు ఇండియాలోని కుటుంబముల సంఘము’ జనన, వివాహ, మరణ పట్టికలను, నాటి పత్రికలలోని ప్రకటనలను సేవకులచే నకలు వ్రాయించి, ఎవరైనను ఇంటనుండి ఉచితముగా చూచుకొనునట్లు చేసినది. హాలండులో మారియను పీటర్సు 2002లో కోరమాండలు తీరమునందలి వలంద కంపెనీ ఉద్యోగుల జీవిత మరణములను వారి సమాధిశిలల నాధారముగా గొని విపులమైన గ్రంథము వ్రాసెను. ఏఱకుండుట, అనగా ఎదుటబడినదెల్ల వ్రాసికొనుట, ఇచట విద్వత్తుకంటె ఎక్కువ ఫలము నిచ్చినది. శాసనపరిష్కరణమునకు అలవాటుపడిన మనము ఈ మాటను కొంచెము ఆలోచింపవలసియున్నది.

ఱాతికి కాగితము తోడు గావలెను. ఆంగ్లేయ చాప్లెనులు వ్రాసిన బాప్తిస్మ, వివాహ, ఖనన పట్టికల నకళ్లు చెన్నపట్టణమునకును, అచటినుండి లండనునకును పోవుచుండెను. చెన్నరాజధానికి సంబంధించినవి 1698 మొదలుకొని బ్రిటిషు లైబ్రరీలో గలవు. చాప్లెను లేని చిన్న చిన్న స్థానములలో కలెక్టరో, సైనికోద్యోగియో ప్రార్థన చదివి పాతిపెట్టుచుండెను. అట్టిచోట మరణము పట్టికకెక్కకపోవుట కలదు. అపుడు ఱాయియొక్కటే సాక్షి. యానాములో పరిస్థితి వేఱు. 1954 వఱకు పరాసుల పాలనలోనున్న ఆ యూరి జనన మరణములు పౌర రిజిష్టరులకెక్కినవి. వాని ప్రతులు ఫ్రాన్సులోని ఎక్సు నగరమునందలి సముద్రాంతర పత్రాగారమున గలవు.

ఇందు మనవారు తఱచు తొట్రుపడు విషయ మొకటి గలదు. నరసాపురము ఏ జిల్లాలోనిది? 1859కి పూర్వపు కాగితమునకు రాజమహేంద్రవరపు జిల్లా. 1859లో గోదావరి జిల్లా యేర్పడినది. 1904లో ఏలూరు, తణుకు, భీమవరము, నరసాపురము తాలూకాలు కృష్ణాజిల్లాలో కలుపబడినవి. 1925లో పశ్చిమగోదావరి పుట్టినది. అసలు గోదావరి తూర్పుగోదావరి యైనది. 2022లో జిల్లాలు మఱల విభజింపబడినవి. కావున 1910లో నరసాపురమున చనిపోయినవాని జాడను గోదావరి కాగితములలో వెదకినచో దొరకడు. ఊరు కదలలేదు; కాగితములు కదలినవి.

తెలుగు శాఖవారు ప్రత్యేకముగా గమనింపవలసినది మఱియొకటి. ఈ పట్టికలన్నియు ఐరోపీయ భాషలలోని ఫలకములను వెదకినవి. అదే ఖననభూమిలోను, దాని ప్రక్కనున్న స్థానిక క్రైస్తవుల ఖననభూమిలోను గల తెలుగు ఫలకములను ఎవరు వ్రాసికొనిరి? 1836లో విలియము బౌడెను, జార్జి బీరు అను ఇర్వురు డెవను ప్రాంతమునుండి వచ్చి నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో బోధ నారంభించిరి. వారి వెనుక గోదావరి డెల్టా మిషను వృద్ధిబొందినది. 1845లో ఉత్తర జర్మనీ సంఘమువారు రాజమహేంద్రవరమునకు వచ్చిరి. ఆ పని పిదప అమెరికా లూథరనుల చేతికి వచ్చినది. వృద్ధుడగు హయ్యరు 1869లో అమెరికానుండి మఱల వచ్చి దానిని నిలబెట్టెను. ఈ మిషనుల చరిత్రలు చాలమంది వ్రాసిరి. ఆ సంఘములలో చేరిన తెలుగువారి గోరీలమీది తెలుగు నెవరును చదువలేదు. ‘ప్రభువునందు నిద్రించెను’ అను వాక్యము ఏనాడు, ఏ యూరిలో స్థిరపడినది? చావును నిద్రగా చెప్పు ఈ పలుకుబడి అనువాదగ్రంథములనుండి ఱాతికెక్కినదా, ప్రసంగములనుండియా? తేదీగల గద్యము, నిశ్చితమైన స్థలము, పేరుగల మనుష్యుడు. భాషాచరిత్రకారునకు ఇంతకంటె నేమి కావలెను? మఱియు, మతము మాఱినవాడు బైబిలు పేరు పెట్టుకొన్నను ఇంటిపేరును విడువలేదు. క్రొత్త పేరును, పాత యింటిపేరును ఒకే ఱాతిమీద నుండుట కుటుంబచరిత్రకు అమూల్యమైన ఆధారము. ఇది ముందు ముందు తెలియగలదు.

ఇక పోయినవారి మాట. బానిసత్వము రద్దగు కాలమున చెఱకుతోటల యజమానులకు క్రొత్త కూలీలు కావలసివచ్చిరి. బూర్బోను ద్వీపమునకు, అనగా నేటి రెయూనియనునకు, 1820ల చివర తోటపనికై పోయిన తొలి భారతీయ కూలీలలో యానామునుండి పోయిన తెలుగువారు గలరు. మారిషసునకు ఒడంబడిక కూలీల ప్రవాహము 1834లో ఆరంభమై ఇరువదవ శతాబ్దారంభము వఱకు సాగినది. నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఆ ద్వీపమున దిగిరి. తెలుగువారికి అచట ‘కోరంగి’ యని పేరు వచ్చినది. ఎక్కిన రేవే జాతినామమైనది. బర్మాలోను అదే మాట. ఉప్పెనలకు శిథిలమైపోయిన యొక రేవు పేరు ఇట్లు రెండు దేశములలో మనుష్యులమీద నిలిచినది. నేటాలునకు మొదటి ఓడ ‘ట్రూరో’ చెన్నపట్టణమునుండి పోయి 1860 నవంబరు 16న డర్బనులో కూలీలను దింపినది. 1911 వఱకు అచటికి పోయినవారు సుమారు లక్షా ఏబదిరెండు వేలు. అందు మూడింట రెండు వంతులు చెన్నరాజధానివారు. ఫిజీకి దక్షిణదేశపు కూలీలు 1903 మొదలు పోయిరి.

వీరికి ఱాళ్లు లేవు. ఇది బీదతనమువలన మాత్రమే కాదు. మన సంప్రదాయము చనిపోయినవానిని ఱాతిలో గాక నోటిలో నిలుపుకొన్నది. తద్దినమునందు గోత్రముతోకూడ తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పుదుము. నాలుగవ తరము జాఱిపోవును. అంతకుమించినదానికి కొన్ని కులములకు పిచ్చికుంట్లవారు, భట్రాజులు గలరు. వారు గోత్రములను, ఇంటిపేర్లను, వంశకర్తలను పాడుదురు. ఇంక కొన్ని కుటుంబములకు పేరంటాలి గుడి కలదు. సహగమనము చేసినదియో, ముత్తైదువగా చనిపోయినదియో యగు స్త్రీ దేవతయై వెలసినచోట ఆమె పుట్టింటివారి, మెట్టినింటివారి పేర్లు కొలుపులలో నిలిచియుండును. ఇవి మన సమాధి ఫలకములు. అయితే వీనిని చదువుటకు ఆ యూరిలో నుండవలెను. సముద్రము దాటినవానికి పిచ్చికుంట్లవాడు వెంటరాడు. పురోహితుడు దొరకనిచోట తద్దినమును నిలిచిపోవును. రెండు తరములలో తాత పేరు పోవును. మూడవ తరమున ఊరి పేరు పోవును.

పరదేశమున వారి ఖననములు ఎట్లుండెనో చూచుటకు మారిషసులోని బువా మార్షాను శ్మశానమొక యుదాహరణము. 1866 మొదలు 1868 వఱకు ఆ ద్వీపమును పీడించిన చలిజ్వరమునకు ఇంచుమించు ఏబదివేలమంది బలియైరి. ఉన్న శ్మశానములు చాలక 1867లో క్రొత్తగా నీ స్థలమును తెఱచిరి. దహనము చేయవలసినవారును అట్టి కాలములలో మట్టిలోనికే పోయిరి. ఈనాడు పురావస్తు పరిశోధకులు అచట త్రవ్వి చూచుచున్నారు. మనిషి యెముకలనుబట్టి అతని వయస్సు, రోగము తెలియవచ్చును; అతని యూరు తూర్పుగోదావరిలోని ఫలానా లంకయని తెలియదు.

అది తెలుపునది ఓడపట్టిక. ఆశ్చర్యమేమన, ఏ కూలీని మనిషిగా చూచుటకు ఇష్టపడని యంత్రాంగమే అతనిగుఱించి మన కరణముల దప్తరములకంటె నిండుగా వ్రాసి పెట్టినది. నేటాలు ఓడపట్టికలలో సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, ఠాణా, గ్రామము, దేహముమీది గుర్తులు గలవు. ఫిజీ పత్రములలో ఎత్తు, సమీపబంధువు పేరు గూడ గలవు. మారిషసు పట్టికలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో నున్నవి. వానిలో పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునకు చెందిన కూలీల ఛాయాచిత్రములును గలవు. నుదుట మచ్చ, ఎడమ మోచేతిమీద పచ్చబొట్టు అని గుమాస్తా వ్రాసినది పాఱిపోయినవానిని పట్టుకొనుటకు. ముని మనుమరాలు నేడు దానిని చదువునది వేఱొక దృష్టితో.

ఇచట వలందుల ప్రసంగము మఱల తేవలసియున్నది. ఱాయి తెల్లవానిది, కాగితము కూలీది యని విభజించుట సులభము. కాని అది నిజము కాదు. వలంద కంపెనీ సైనికుడు ఐదేండ్ల ఒడంబడికమీద ఓడ నెక్కెను, మన గిర్మిట్ కూలీవలెనే. పాలకొల్లు మట్టిలో కలిసిన సామాన్య సైనికునకు, నావికునకు ఫలకము లేదు. అతని పేరును, పుట్టిన యూరును, ఎక్కిన ఓడను, కొలువు ముగిసిన దినమును, ముగియుటకు కారణమును ఓడ జీతపు ఖాతాలలో చూడవలెను. పదునెనిమిదవ శతాబ్దమునకు చెందిన ఆ ఖాతాలు లక్షలకొలది పేర్లతో హాలండు జాతీయ పత్రాగారమువారిచే అందఱికి అందుబాటులోనికి తేబడినవి. ‘కొలువు ముగిసిన కారణము’ అను గడిలో తఱచు కనబడు మాట ‘మరణము’. ఫలకము పదవి గలవానిది. పట్టిక ఒడంబడిక వ్రాసినవానిది. హాలండువాడైనను, అమలాపురపువాడైనను ఈ సూత్రమున భేదము లేదు. కావుననే ఈ రెండు చరిత్రలను రెండు శాఖలకు పంచియిచ్చుట సరికాదని నా అభిప్రాయము.

ఓడపట్టికలోని పెద్ద లోపము ఇంటిపేరు. గుమాస్తా అడిగినది పేరు, తండ్రి పేరు. ఇంటిపేరునకు గడి లేదు. తెలుగువానికి వంశమును తెలుపునది ఇంటిపేరే యని ఆ పట్టికను రూపొందించినవారికి తెలియదు. మన ఇంటిపేర్లలో చాల భాగము గ్రామనామములు; ఆ యొక్కమాట వ్రాసియుండినచో వంశమును, ఆది గ్రామమును ఒకేమాఱు చిక్కెడివి. అది పోవుటచే ద్వీపములలో తండ్రిపేరు బిడ్డకు ఉపనామమైనది. అప్పన్న, రామన్న, వెంకటస్వామి మొదలగునవి నేడు అచట వంశనామములు. నేటాలులో ‘నాయుడు’ అనునది ఎన్నియో కులములవారికి ఉపనామమైనది. కావున ఆ బిరుదమునుబట్టి కులమును, కులమునుబట్టి గ్రామమును ఊహించుట ప్రమాదకరము.

పేర్లలోను సూచనలు గలవు. అప్పన్న, సింహాచలము అనునవి విశాఖ మండలమువైపు మనస్సును త్రిప్పును. భీమన్న, భీమరాజు అనునవి ద్రాక్షారామ, సామర్లకోట భీమేశ్వరులను తలపించును. కాని సింహాద్రినాథుని భక్తులు గోదావరి దాటియు గలరు గనుక ఇవి సూచనలే గాని సాక్ష్యములు కావు. సత్యనారాయణ నామము కనబడినచో కాలమును పరిశీలింపవలెను. అన్నవర దేవాలయము వెలసినది 1891లో. అంతకుముందటి పట్టికలో ఆ పేరును అన్నవరముతో ముడిపెట్టరాదు.

గ్రామనామములు మఱింత చిక్కు. డిపోలోని గుమాస్తా చెవికి వినబడిన దానిని ఆంగ్లాక్షరములలో వ్రాసెను. కాకినాడ ‘కొకనాడ’, ఇంజరము ‘ఇంగెరం’, సామర్లకోట ‘సామల్‌కొట్ట’. ఇవి ప్రసిద్ధములు గనుక గుర్తుపట్టగలము. కాని ఒక చిన్న లంక పేరో, అగ్రహారపు పేరో చెడిపోయినచో బాగుచేయగలవాడెవడు? ఆంగ్లాక్షరములలో త, ట లకు భేదము లేదు, ద, డ లకు లేదు, న, ణ లకు, ల, ళ లకు లేదు, హ్రస్వదీర్ఘములు కలిసిపోవును. గ్రామము చివర ‘పర్రు’, ‘మిల్లి’, ‘లంక’, ‘పాలెము’, ‘కుదురు’, ‘మఱ్ఱు’ అని యుండగలదని తెలిసినవాడు మాత్రమే ఆ చెడినమాటను సరిచేయగలడు. ఈ పని మారిషసు పండితునివలన కాదు, లండను సేవకునివలన కాదు. గోదావరి మండలముల గ్రామనామములను, శివారు పల్లెలతోను, ఏటికి కొట్టుకొనిపోయిన లంకలతోను గూడ అకారాదిగా కూర్చి, ప్రతిపేరునకు పాత ఆంగ్ల రూపములను ప్రక్కన జూపిన యొక నిఘంటువు కావలెను. పరిశోధక విద్యార్థి యొకడు మూడేండ్లలో చేయదగిన పని యిది. కైఫియతులు, జమీందారీ లెక్కలు, పాత సర్వే పటములు అందులకు ఆధారములు. ఏలూరివాడగు కావలి బొఱ్ఱయ్య మెకంజీదొరకొఱకు ఊరూర తిరిగి శాసనములను వ్రాసికొని రెండువందల యేండ్లు దాటినది. అతని చేతిలో ఇంతకంటె మంచి పనిముట్లేమియు లేవు.

కడపట చెప్పవలసినవారు రంగము పోయినవారు. రంగూనును మనవారు రంగమనిరి. కాకినాడనుండి స్టీమరులో డెక్కుమీద కూర్చుండి కొలది దినములలో చేరుచుండిరి. ఒడంబడిక లేదు, మేస్త్రీ యిచ్చిన బయానా మాత్రమే. కావున ఓడపట్టికలో తండ్రిపేరు లేదు, గ్రామము లేదు, మచ్చ లేదు. నేటాలునకు పోయినవారికంటె రంగము పోయి వచ్చినవారు ఎన్నియో రెట్లు ఎక్కువ. కాని దూరము పోయినవారికి కాగితమున్నది, దగ్గఱ పోయినవారికి లేదు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకును బర్మీయులకును జరిగిన కలహమున చచ్చినవారి పేర్లును కుటుంబముల నోటనే వెదకవలెను. 1942లో జపాను సేనలు వచ్చినపుడు అరకాను, మణిపురముల దారిని నడచి వచ్చుచు అడవులలో పడిపోయినవారికి గోరీయు లేదు, పట్టికయు లేదు. 1960లలో తిరిగివచ్చిన కాందిశీకుల కుటుంబములు విశాఖపట్టణములోను, ఇతర స్థలములలోను స్థిరపడినవి. ఆ నడకలో ఎనిమిదేండ్ల పిల్లలుగా నుండినవారు నేడు తొంబదియేండ్లు దాటినవారు. వారిని అడుగవలసిన ప్రశ్నలు నాలుగైదే: ఇంటిపేరేమి, ఏ యూరినుండి ఎవరు ముందు పోయిరి, ఏ మేస్త్రీవెంట, రంగములో ఏ పేటలో నుండిరి, దారిలో ఎవరిని ఎచట విడిచివచ్చిరి.